బోర్డో ఆన్ ప్రిమర్: పీపాలో ఉండగానే రెడ్ వైన్‌కి డబ్బు కట్టొచ్చా?

ఫ్రాన్స్‌లోని బోర్డోలో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కోసిన ద్రాక్ష మరుసటి ఏప్రిల్‌కి ఆరేడు నెలల వయసున్న వైన్‌గా పీపాల్లో ఉంటుంది. సీసాల్లోకి ఎక్కడానికి ఇంకో ఏడాది పైనే పడుతుంది. ఆ పీపాల నుంచి తీసిన నమూనాలను ఏప్రిల్‌లో రుచి చూపిస్తారు. మే, జూన్ నెలల్లో ధర ప్రకటించి అప్పుడే పూర్తి డబ్బు కట్టించుకుంటారు. పెట్టె చేతికొచ్చేది దాదాపు రెండేళ్ళ తరువాత. ఈ అమ్మకం పేరే ఆన్ ప్రిమర్. 2023 పంటనే తీసుకోండి: 2024 వసంతంలో అమ్మారు, సీసాల్లోకి ఎక్కింది 2025లో, పెట్టెలు కొన్నవాళ్ళకి చేరేది 2025 చివరి నుంచి 2026 దాకా.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. రుచి చూపించే ఏర్పాటు బాగుంటుంది, కానీ ఏప్రిల్ నమూనా చెప్పగలిగినది ఎంతో తెలిసినవాళ్ళకే అది పనికొస్తుంది. ధర ఏడాదిని బట్టి మారిపోతుంది. కొన్నవాళ్ళకి ఉండే రక్షణ మాత్రం చాలా తక్కువ. ముందుగా కొంటున్నారు కాబట్టి చవగ్గా వస్తుందన్న మాట అన్ని ఏళ్ళకీ వర్తించదు. ఇప్పటికే సీసాలో ఉన్న అదే షాటో (ద్రాక్షతోట, వైన్ తయారీ రెండూ ఉన్న ఎస్టేట్) పాత పంట కన్నా కనీసం 10 నుంచి 15 శాతం తక్కువకి వస్తేనే డబ్బు కట్టండి. లేదంటే ఆగండి, వైన్ ఎక్కడికీ పోదు. మొదట ఈ అమ్మకం ఎలా నడుస్తుందో చూద్దాం.

షాటో నేరుగా మనకి అమ్మదు. షాటోకీ, నెగోసియాన్ అనే టోకు వర్తకుడికీ మధ్య కుర్తియే అనే మధ్యవర్తి ఉంటాడు. అతని వాటా 2 శాతం. నెగోసియాన్‌లు మొత్తం 300 దాకా ఉంటారు. వాళ్ళ నుంచి దేశదేశాల దిగుమతిదారులకి, అక్కడి నుంచి దుకాణాలకి, చివరికి మనకి. ఈ మొత్తం అల్లికకే ప్లాస్ ద బోర్డో అని పేరు. ప్లాస్ అంటే చౌరస్తా అని అర్థం గానీ వెళ్ళి చూసేందుకు అక్కడ ఏ చోటూ లేదు, ఫోన్ల మీద, ఈమెయిళ్ళ మీద నడిచే బజారు అది. బోర్డోలో వేల షాటోలున్నా ఈ దారిన అమ్ముడయ్యేవి కొన్ని వందలే. మిగతా బోర్డో అంతా సీసాల్లోకి ఎక్కాకే మామూలుగా దుకాణాలకి వస్తుంది.

నెగోసియాన్‌కి ప్రతి షాటో నుంచీ ఏటా ఇన్ని పెట్టెలని కేటాయింపు ఉంటుంది. ఈ ఏడాది వద్దంటే వచ్చే ఏడాది ఆ కేటాయింపు తగ్గొచ్చు, పూర్తిగా పోవచ్చు కూడా. అందుకే ధర నచ్చకపోయినా చాలామంది తీసుకుంటారు. ఆ సరుకు గోదాముల్లో పేరుకుంటుంది. దాని మీద బ్యాంకు వడ్డీ పెరుగుతుంది. రెండు మూడేళ్ళకి విడుదల ధర కన్నా తక్కువకే వదిలించుకోవలసి వస్తుంది. ఓపికపట్టినవాడికి వైన్ చవగ్గా దొరకడానికి అసలు కారణం ఇదే.

ఇక రుచి సంగతి. యూనియన్ దే గ్రాన్ క్రూ ద బోర్డో అనే సంఘం 1973లో ఏర్పడింది. ఇందులో 130 దాకా షాటోలున్నాయి. ఏప్రిల్ వారంలో ప్రాంతాల వారీగా నమూనాలు పెట్టేది వీళ్ళే: పోయాక్, మార్గో, సాన్ జూలియన్, సాంతెస్తెఫ్, పెసాక్ లెయోన్యాన్, సాన్తెమిలియోన్, పొమెరోల్. ఇది వ్యాపారులకీ విమర్శకులకీ పెట్టిన వారం, మామూలు కొనుగోలుదారుకి ఇక్కడ తలుపు తెరుచుకోదు. లాఫీత్, షాటో మార్గో, మూతోన్ లాంటి మొదటి శ్రేణి షాటోలైతే సంఘం బల్లల మీదికి నమూనా పంపవు. ముందుగా సమయం తీసుకుని వాళ్ళ ఇంటికే వెళ్ళి రుచి చూడాలి. దుకాణంలో మీకు అమ్మే మనిషి అక్కడికి వెళ్ళాడా, ఎన్ని తాగి చూశాడు, ఏ రోజు చూశాడు, ఈ మూడూ అడగండి. ఇతరుల మార్కులు చూసి అమ్మేవాడి మాటకీ, స్వయంగా రుచి చూసినవాడి మాటకీ తేడా అక్కడే తెలిసిపోతుంది.

ఏప్రిల్ నమూనా పూర్తయిన వైన్ కాదు. పీపా 225 లీటర్లు, అంటే 300 సీసాలు. ఒక షాటోలో ఇలాంటి పీపాలు వందల్లో ఉంటాయి. కొన్ని కొత్త ఓక్‌వి, కొన్ని నిరుడు వాడినవి. పీపాలు చేసేవాళ్ళు వేరు, లోపల కాల్చిన తీరు వేరు. నమూనా ఏ పీపాల నుంచి, ఏ పాళ్ళలో తీశారన్నది షాటో ఇష్టం. కొత్త పీపాల నుంచి ఎక్కువ తీస్తే వెనీలా, కాల్చిన రొట్టె వాసనలతో నమూనా ఏప్రిల్‌లోనే ముద్దుగా ఉంటుంది. పీపాలోనే మాలోలాక్టిక్ పులియబెట్టడం (పుల్లని ఆమ్లం మెత్తని ఆమ్లంగా మారడం) పూర్తిచేసిన వైన్ కూడా తొందరగా నునుపెక్కి తియ్యగా తోస్తుంది. తొక్కలను పిండి తీసిన ప్రెస్ వైన్ వగరుగా, గట్టిగా ఉంటుంది. కొన్ని షాటోలు దాన్ని ఏప్రిల్‌కి ముందే కలిపేస్తాయి, కొన్ని తరువాత కలుపుతాయి. కలపని నమూనా సహజంగానే మెత్తగా ఉంటుంది. రెండిటినీ పక్కపక్కన పెట్టి మెత్తనిదానికి ఎక్కువ మార్కులు వేస్తే పొరపాటు పడ్డట్టే.

ఏప్రిల్ తరువాత కూడా వైన్ మారుతూనే ఉంటుంది. సుమారు మూడు నెలలకోసారి మడ్డి నుంచి వేరుచేసి మరో పీపాలోకి మారుస్తారు. ఆవిరైపోయినంత మేర పీపా నింపుతూ ఉంటారు. సీసాల్లోకి ఎక్కించే ముందు చాలాచోట్ల ఇప్పటికీ గుడ్డు తెల్లసొనతో తేర్చుతారు, పీపాకి నాలుగు నుంచి ఆరు గుడ్లు. తెల్లసొన ద్రాక్ష తొక్కల నుంచి వచ్చి నోటికి వగరు తగిలించే గరుకు టానిన్‌ను పట్టుకుని అడుక్కి దిగిపోతుంది. కాబట్టి ఏప్రిల్‌లో కాస్త వగరుగా ఉన్న వైన్‌ను చూసి భయపడక్కర్లేదు, ఆ వగరు ఎలాంటిదన్నదే చూసుకోవాలి.

దాన్ని గుర్తుపట్టే తీరు ఇది. గ్లాసులో 30 మిల్లీలీటర్లు చాలు, 16 నుంచి 18 డిగ్రీల చల్లదనంలో. ముందు గ్లాసు తిప్పకుండా వాసన చూడండి. కాల్చిన అగ్గిపుల్ల వాసనో, కుళ్ళిన గుడ్డు వాసనో వస్తే గాలి తగలక మూసుకుపోయిన వైన్ అనుకోవచ్చు. రెండు నిమిషాలు తిప్పితే చాలావరకు పోతుంది, దాన్ని లోపంగా రాసుకోవద్దు. గోళ్ళరంగు వాసన, గుర్రపుశాల వాసన తిప్పినా పోవు, అవి నిజమైన లోపాలు. పచ్చి క్యాప్సికమ్ వాసన గట్టిగా కొడితే కాబెర్నే అనే ద్రాక్ష పూర్తిగా పండలేదన్నమాట, వయసుతో అది కాస్త తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు.

తరువాత ఒక గుక్క తీసుకుని పదిసెకన్లు నోట్లో తిప్పి ఉమ్మేయండి. అప్పుడు నాలుకతో పై చిగుళ్ళు తడిమి చూడండి. మంచి టానిన్ చిగుళ్ళ మీద వెల్వెట్ గుడ్డలా సమంగా పరుచుకుని ఉంటుంది. నోరు మళ్ళీ ఊరుతుంది. పండని టానిన్ పచ్చి జామపిందె కొరికినట్టు పళ్ళ వెనక పట్టేసి నోరు ఎండబెడుతుంది. అతిగా పిండి తీసిన టానిన్ అయితే మొదట ఏమీ తెలియదు, ఐదారు సెకన్ల తరువాత నాలుక చివర చేదుగా, పొడిగా తేలుతుంది. ఈ చివరిదే ప్రమాదం. తెల్లసొన దాన్ని కొంత తగ్గిస్తుంది గానీ మాన్పలేదు. తరువాత నాలుక నడిమిభాగం గమనించండి. మొదట్లో పండు, చివర్లో వగరు ఉండి మధ్యలో బోలుగా ఉంటే అది తరువాత నిండదు. పీపాలో పెరిగేది వాసన, నునుపు. కండ మాత్రం ద్రాక్షతోటే రావాలి.

ఇక మిగిలింది రుచి నిలిచే సమయం. ఉమ్మేశాక పండు రుచి ఎన్ని సెకన్లు నిలిచిందో లెక్కపెడతారు. ఫ్రాన్స్‌లో ఒక సెకనుకి ఒక కోదలీ అంటారు. ఓక్ రుచినీ, ఆల్కహాల్ వేడినీ ఈ లెక్కలో కలపొద్దు. ఏప్రిల్ నమూనాలో అన్నిటికన్నా నమ్మదగ్గ గుర్తు ఇదేనని మా నమ్మకం. రంగు మోసం చేస్తుంది, ఎందుకంటే ఆ వయసులో దాదాపు అన్నీ నల్లని ఊదాగానే ఉంటాయి. వాసన పీపాని బట్టి మారిపోతుంది. పండు రుచి చివరిదాకా నిలవడం మాత్రం షాటో చేతిలో లేని విషయం.

ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. ఏప్రిల్‌లో మెర్లో ద్రాక్ష గెలుస్తుంది, కాబెర్నే ఓడినట్టు కనిపిస్తుంది. మెర్లో తొందరగా పండుతుంది, తొందరగా మెత్తబడుతుంది. అందువల్ల పొమెరోల్, సాన్తెమిలియోన్ నమూనాలు చనువుగా పలకరిస్తాయి. గ్రావెల్ నేలల మీద పండే కాబెర్నే సోవిన్యాన్ ఎక్కువగా ఉన్న పోయాక్, సాంతెస్తెఫ్ నమూనాలు బిగుసుకుని ఉంటాయి. పదిహేనేళ్ళ తరువాత ఈ వరస తారుమారు కావచ్చు. నదికి అటూ ఇటూ ఉన్న ఈ రెండు ఒడ్డుల వైన్‌నీ ఒకే బల్ల మీద పోల్చి మార్కులు వేసేవాళ్ళ మాట కాస్త అనుమానంగానే వినాలి.

నమూనా పాడయ్యే తీరు కూడా తెలుసుకోవాలి. పీపా నుంచి సీసాలోకి తీసినప్పుడు గాలి తగులుతుంది, గంధకపు రక్షణ తక్కువగా ఉంటుంది. మర్నాటికే పండు వాడిపోయి ఎండుద్రాక్ష, సోయా లాంటి వాసన మొదలవుతుంది. సీసా మీద తీసిన తేదీ ఉంటే చూడాలి, లేకపోతే అడగాలి. పొద్దున తెరిచిన సీసా సాయంత్రానికి వేరే వైన్. పైగా ఒక్కరోజులో 60, 70 నమూనాలు చూసినవాడి నోట్లో టానిన్ పొర కట్టేసి ఉంటుంది. మధ్యలో నీళ్ళు, చప్పిడి రొట్టె తీసుకున్నా చివరి ఇరవైకి న్యాయం జరగదు. ఒకే విమర్శకుడు ఒకే వైన్‌ను రెండుసార్లు, రెండు చోట్ల చూసి రాస్తే ఆ రాతకి విలువ ఎక్కువ.

నూటికి మార్కులు 94-96 అని రెండంకెలుగా ఇస్తారు. సీసాలోకి ఎక్కాక మళ్ళీ చూసి ఒకే అంకె ఖాయం చేస్తారు. ప్రకటనల్లో మాత్రం 96 ఒక్కటే పెద్దక్షరాల్లో కనిపిస్తుంది. మీరు 94నే లెక్కలోకి తీసుకోండి. ఆ ధరకి 94 మార్కుల వైన్ సబబే అనిపిస్తేనే ముందుకెళ్ళండి.

ధర విషయానికొస్తే, అందరూ చేసే తప్పు ఒకటుంది. ఆన్ ప్రిమర్ ధర ఫ్రాన్స్‌లో సాధారణంగా పన్ను కలపకుండా చెబుతారు, కాగితం మీద హెచ్‌టీ అని ఉంటుంది. దుకాణంలో సీసా మీద ఉండే ధరలో పన్ను కలిసే ఉంటుంది, అది టీటీసీ. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి ఎంత చవగ్గా ఉందో అనుకోవడం మామూలైపోయింది. ఫ్రాన్స్‌లో వైన్ మీద పన్ను 20 శాతం. బ్రిటన్‌లో ఇన్ బాండ్ (సుంకం కట్టకుండా గోదాములో ఉంచిన సరుకు) అని చెప్పే ధరకి కూడా గోదాము నుంచి బయటికి తీసిన రోజున ఎక్సైజ్ సుంకం, 20 శాతం వ్యాట్ కలుస్తాయి.

ఒక లెక్క వేసి చూద్దాం, అంకెలు ఉదాహరణకే. సీసా 50 యూరోలు హెచ్‌టీ, ఆరు సీసాల పెట్టె 300. పన్ను 60. రవాణా 24 అనుకుందాం. మొత్తం 384. రెండేళ్ళు 300 యూరోలు వేరేచోట 3 శాతానికి ఉంచితే వచ్చే 18 కూడా కలపండి, 402. అంటే సీసా 67 యూరోలు. అదే షాటో, అంతే మంచి పేరున్న పాత పంట, నేడే సీసాలో ఉన్నది దుకాణంలో 62, రవాణా 4, మొత్తం 66. ముందుగా కట్టి మిగుల్చుకున్నది ఏమీ లేదు, పైగా ఒక యూరో ఎక్కువే పోయింది. అదే విడుదల ధర 42 అయితే అన్నీ కలిపి సీసా 57 దాకా పడుతుంది, 66 మీద దాదాపు 14 శాతం తక్కువ. అప్పుడు రెండేళ్ళ నిరీక్షణకి అర్థముంది.

పోల్చే పాత పంటను ఎంచుకోవడంలోనే అసలు నేర్పు. 2022 లాంటి ఎండ ఎక్కువైన, గట్టి ఏడాదిని 2021తో పోల్చి ఎక్కువ ధర సబబేననుకోకూడదు. 2021లో వసంతపు మంచు, తరువాత మిల్డ్యూ బూజు తెగులు. వైన్ తేలిక. 2022ని 2016, 2019, 2020తో పోల్చాలి. అలాగే వానలతో, మిల్డ్యూతో గడిచిన 2024ని 2017, 2021 ధరలతో పోల్చాలి. ఏప్రిల్ చివర్లో మంచు కాటేసిన ఏడాది 2017. 2013 పూతరాలి, చల్లగా, తడిగా పోయింది. అలాంటి ఏడాది ఆన్ ప్రిమర్ జోలికి పోవాల్సిన పనే లేదు.

చరిత్ర చూసినా ఇదే తేలుతుంది. 1982 పంటను అమెరికన్ వైన్ విమర్శకుడు రాబర్ట్ పార్కర్ ఆకాశానికెత్తాడు. అప్పుడు కొన్నవాళ్ళకి వైన్ నిజంగానే చవగ్గా దొరికింది. ఆన్ ప్రిమర్ అంటే లాభం అన్న పేరు చాలావరకు అక్కడి నుంచి వచ్చిందే. 2009, 2010 పంటలు అద్భుతమైనవే, కానీ ధరలు ఆ అద్భుతానికి మించి పెట్టారు. ఆ తరువాతి ఏళ్ళలో మొదటి శ్రేణి వైన్‌ల ధరలు పడిపోయి, కొన్నవాళ్ళు చాలాకాలం నష్టంలో ఉన్నారు. 2019 పంట 2020 వసంతంలో కరోనా మధ్య అమ్ముడైంది. బోర్డోకి ఎవరూ వెళ్ళలేక నమూనాలు కొరియర్‌లో వెళ్ళాయి. పోయాక్‌లోని షాటో పోంతె కానే ముందుగా వచ్చి, అంతకు ముందటి ఏడాది కన్నా దాదాపు 30 శాతం తగ్గించి ధర పెట్టింది. చాలా షాటోలు ఆ దారి పట్టాయి. ఇటీవలి ఏళ్ళలో కొన్నవాళ్ళకి కలిసొచ్చింది ఎక్కువగా ఆ పంటే. 2022కి ధరలు మళ్ళీ పైకి లేచాయి, అదే సమయానికి పాత వైన్ బజారు దిగజారడం మొదలైంది. 2023కి లాఫీత్ తన విడుదల ధరను దాదాపు మూడోవంతు తగ్గించింది. అంత పెద్ద షాటో అంత కోయడం చూస్తే 2022 ధర ఎంత ఎత్తుకి పోయిందో తెలుస్తుంది.

మొదటి శ్రేణి షాటో లాతూర్ అయితే 2012లోనే ఈ పద్ధతి నుంచి తప్పుకుంది. 2011 తరువాతి పంటలను సిద్ధమయ్యాయనుకున్నప్పుడే షాటో గోదాము నుంచి విడుదల చేస్తోంది. షాటో నేలమాళిగలోనే పెరిగిన వైన్ అన్న భరోసా కొన్నవాళ్ళకి ఉంటుంది, ఆ నిల్వ ఖర్చు కూడా ధరలో కలిసి వస్తుంది.

మరి ఏవి కొనాలి? తక్కువ నేల, తక్కువ పెట్టెలు ఉండే పొమెరోల్ వైన్‌లకి ఆన్ ప్రిమర్ అర్థవంతం. పొమెరోల్ ప్రాంతం మొత్తం కలిపి దాదాపు 800 హెక్టార్లే, అందులో కొన్ని షాటోలవి నాలుగైదు హెక్టార్లు. ఒక్క లాఫీత్ తోటే 100 హెక్టార్ల పైన ఉంటుంది. చిన్న షాటో వైన్ తరువాత వెతికితే దొరక్కపోవచ్చు. మెదోక్‌లోని (పోయాక్, మార్గో ఉండే ప్రాంతం) పెద్ద షాటోలది ఎప్పుడూ దొరుకుతుంది. ఈమధ్య కొన్ని షాటోలు పంటలో సగమో, అంతకన్నా ఎక్కువో తమ దగ్గరే ఉంచుకుని తరువాత వదులుతున్నాయి. అందుకని సరుకు అయిపోతుందని తొందరపెట్టే ఈమెయిల్‌కి లొంగిపోవద్దు.

క్రూ బూర్జువా అనే, పేరున్న షాటోల కన్నా ఒక మెట్టు కింది స్థాయి వైన్‌లను ముందుగా కొనే అవసరం మాకు కనిపించదు. రెండేళ్ళ తరువాత అదే ధరకి, చాలాసార్లు అంతకన్నా తక్కువకి, సూపర్‌మార్కెట్ల వైన్ మేళాల్లో దొరుకుతాయి. మధ్యస్థాయిలో మాత్రం ధర నిలకడగా పెట్టే షాటోలున్నాయి: సాన్ జూలియన్‌లో లెయోవీల్ బార్తోన్, పోయాక్‌లో గ్రాన్ పుయీ లాకోస్త్, పెసాక్ లెయోన్యాన్‌లో దొమేన్ ద షెవాలియే. బాగా పండిన ఏడాది, అదుపులో ఉన్న ధర కలిసొస్తే పెట్టె తీసుకోదగ్గవి ఇలాంటివే. 1855 వర్గీకరణలో వీటిలో మొదటి రెండిటి స్థానం రెండా, ఐదా అన్నది ఇప్పటి నాణ్యతకి కొలమానం కాదు. ఆ పట్టిక పారిస్ ప్రదర్శన కోసం నాటి మధ్యవర్తులు అప్పటి ధరలను బట్టి కట్టింది. తరువాత జరిగిన పెద్ద మార్పు 1973లో మూతోన్ రెండో శ్రేణి నుంచి మొదటికి ఎక్కడం.

ఇంకో లాభం సీసా కొలత. సగం సీసా 375 మిల్లీలీటర్లు, మాగ్నమ్ లీటరున్నర, డబుల్ మాగ్నమ్ మూడు లీటర్లు, ఇంపీరియల్ ఆరు లీటర్లు. వైన్ ఇంకా పీపాలో ఉంది కాబట్టి ఏ కొలతలో కావాలంటే అందులో నింపిస్తారు, కొంచెం అదనపు రుసుముతో. తరువాత మాగ్నమ్‌లు వెతకడం కష్టం. పుట్టిన ఏటి పంట వైన్ దాచుకోవాలనుకునేవాళ్ళకి మా సలహా మాగ్నమే, ఎందుకంటే వైన్ మొత్తానికి తగిలే గాలి తక్కువై నెమ్మదిగా పండుతుంది.

ఇప్పుడు అసలు బలహీనత. మీరు కట్టిన డబ్బుకి రెండేళ్ళపాటు మీ చేతిలో ఉండేది ఒక కాగితం. మధ్యలో దుకాణం మూతపడితే వైన్ మీది అని నిరూపించడం చాలా కష్టం. 2016లో కాలిఫోర్నియాలో ఇలా ముందస్తు అమ్మకాలు చేసే పేరున్న దుకాణం ఒకటి దివాలా తీసింది. కొత్తవాళ్ళ డబ్బుతో పాతవాళ్ళ సీసాలు తెచ్చి ఇస్తూ వచ్చారని తేలి యజమాని జైలుకి వెళ్ళాడు. వేలమందికి వైన్ రాలేదు, డబ్బూ రాలేదు.

కాబట్టి కాగితం మీద ఇవన్నీ ఉండాలి: షాటో పూర్తి పేరు, ప్రాంతం, పంట ఏడు, రంగు, సీసా కొలత, సంఖ్య, చెక్కపెట్టా అట్టపెట్టా, ధర హెచ్‌టీనా టీటీసీనా, ఇచ్చే ఏడాది, రవాణా ఎవరిది, వైన్ రాకపోతే డబ్బు ఎన్ని రోజుల్లో వెనక్కి ఇస్తారు. షాటో పేరు విషయంలో జాగ్రత్త. షాటో తన మేటి వైన్ కన్నా కింది స్థాయిలో చేసే రెండో వైన్ పేరు, మొదటి వైన్ పేరు కలిసిపోయేలా ఉంటాయి. కారువాద్ ద లాఫీత్ అంటే లాఫీత్ కాదు, పావియోన్ రూజ్ అంటే షాటో మార్గో కాదు. దుకాణంవాళ్ళని ఒక సూటి ప్రశ్న అడగండి: మీకు నెగోసియాన్ నుంచి కేటాయింపు ఖాయమైందా, లేక తరువాత కొని ఇస్తారా? షాటో ధర ప్రకటించకముందే అమ్ముతున్నవాడూ, అందరికన్నా బాగా తక్కువకి అమ్ముతున్నవాడూ చేతిలో సరుకు లేకుండానే అమ్ముతున్నాడని అనుకోండి. నమ్మకమైన చోట ఐదు శాతం ఎక్కువైనా అక్కడే కొనండి. వీలైతే క్రెడిట్ కార్డుతో కట్టండి, ఒకే దుకాణంలో మొత్తం డబ్బు పెట్టకండి.

పెట్టె వచ్చే కాలం కూడా మీరే చెప్పండి. వైన్ వేసవిలో సిద్ధమైందని జూలైలో లారీ ఎక్కిస్తే ఆ ఎండకి కార్కు పైకి పొంగి, సీసా పక్కల నుంచి వైన్ కారుతుంది. అక్టోబరు నుంచి మార్చి లోపు పంపమని రాతపూర్వకంగా అడగండి. వచ్చిన రోజే పెట్టె తెరిచి చూడాలి. కొత్త వైన్ కాబట్టి మట్టం మెడ దాకా ఉండాలి. రేకుమూత వేలితో తిప్పితే కొంచెం తిరగాలి, అస్సలు కదలకుండా జిగటగా ఉంటే లోపల వైన్ కారి ఆరి ఉండొచ్చు. మూతని బొటనవేలితో నొక్కి చూస్తే కార్కు పైకి లేచిందీ లేనిదీ తెలుస్తుంది. తేడా కనిపిస్తే అదే రోజు ఫొటో తీసి పంపండి, వారం ఆగితే తప్పు మీ నిల్వమీదికి తోస్తారు.

ఇంట్లో 12 నుంచి 14 డిగ్రీలు, 70 శాతం తేమ, చీకటి, కుదుపు లేని చోటు కావాలి. అది లేకపోతే బాండెడ్ గోదాములో ఉంచడం మేలు. కానీ సరుకు దుకాణం పేరు మీద కాకుండా మీ పేరు మీద, మీ ఖాతా సంఖ్యతో ఉందని గోదాము నుంచే ధ్రువీకరణ తెప్పించుకోండి. గోదాము ఏటా అద్దె తీసుకుంటుంది, పదేళ్ళకి అది సీసా ధరలో గమనించదగ్గ వాటా అవుతుంది. పైన వేసిన లెక్కలో దాన్నీ కలపాలి.

పెట్టె అందిన వెంటనే ఒక సీసా తెరవాలనిపిస్తుంది. ప్రయాణం చేసిన వైన్ కొన్ని వారాలు చెదిరి ఉంటుంది, కనీసం నెల ఆగండి. గట్టి ఏడాది పోయాక్ అయితే కోసిన ఐదారేళ్ళకి మళ్ళీ మూసుకుపోతుంది. పండు రుచి దాక్కుని వగరు ఒక్కటే మిగులుతుంది. అప్పుడు తెరిచి డబ్బు దండగ అనుకునేవాళ్ళు చాలామంది. 2016 లాంటి పంటలకి పది, పదిహేనేళ్ళు కావాలి. 2017, 2021 లాంటి తేలిక పంటలను ఆరేడేళ్ళకే మొదలుపెట్టొచ్చు. ఆరు సీసాల పెట్టెలో మొదటిదాన్ని ఎనిమిదో ఏట తెరిచి, రెండు గంటలు గాలి తగిలేలా గాజు కూజాలో, అంటే డికాంటర్‌లో ఉంచి చూడండి. ఇంకా బిగుసుకుని ఉంటే మిగతా ఐదిటినీ మూడేళ్ళు ముట్టుకోకండి.